చక్రవర్తి కోరిక, వెట్టివాని కోరిక

కామారెడ్డి, ఎల్లారెడ్డి. నేడు ఇవి ఊళ్ళ పేర్లు. హైదరాబాదు నుండి నిజామాబాదు పోవు రైలులో కూర్చున్నవారికి మొదటిది ఒక స్టేషను. అచ్చటి నుండి పడమటగా, నిజాంసాగరు దిక్కునకు పోయిన కానవచ్చునది రెండవది. కాని ఒక్క నిమిషము ఆగి ఆలోచించినచో ఇవి మొదట మనుష్యుల పేర్లని ఎవరికైనను స్ఫురింపక మానదు. దోమకొండ నేలిన కామినేని వంశమున కామారెడ్డులు, ఎల్లారెడ్డులు, మల్లారెడ్డులు ఉండిరనియు, వారి పేర్లే ఈ ఊళ్ళకు వచ్చినవనియు ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు.

మనిషి పోయెను, పేరు మిగిలెను. స్టేషను పలక మీద ఆ పేరును నిత్యము వేలమంది చదువుచున్నారు. అయినను ఆ పేరుగల మనిషి ఏమి కోరెను, దేనికి వెరచెను, దేనిని పోగొట్టుకొనుటకు ఇష్టపడక రాత్రులు నిద్రమానెను అను సంగతి ఆ పలక చెప్పదు. చరిత్ర మనకు పేరును, తిథిని, యుద్ధమును, శాసనమును అందించును. కోరికను వెదకి పట్టుకొనవలసిన పని కథకునిది.

ఈ మాట మాకు తోచుటకు ఒక కారణము కలదు. రేడియో కేంద్రములో పనిచేయువారి బల్లమీద నాటికల కట్టలు ఎప్పుడును ఉండును. వానిని చదువుచుండగా ఒక లోపము మరల మరల కానవచ్చును. నాటికలోని దొర దుష్టుడు. ఏలయనగా అతడు దొర. కోడలు సాధ్వి, ఏలయనగా ఆమె కోడలు. పాలేరు అమాయకుడు, ఏలయనగా అతడు పాలేరు. రంగస్థలము మీద అయినచో దొరగారి కోరమీసము, కోడలి పసుపు కుంకుమలు, పాలేరు భుజము మీది గొంగడి కొంత సాయము చేయును. రేడియోలో ఏ వేషమును కానరాదు. వినువారి యింట ఒక గొంతు మాత్రము వినబడును. ఆ గొంతు వెనుక ఒక కోరిక లేనిచో, పది నిమిషములు గడచుసరికి ఎవరు మాటలాడుచున్నారో కూడ శ్రోతకు గుర్తుండదు.

మరి పాత్రకు కోరికను ఇచ్చుట మనవారు ఎప్పుడు నేర్చిరి? ఎవరి కోరికను మొదట గుర్తించిరి? ఎవరి కోరికను చిరకాలము గుర్తింపక విడిచిరి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతమునకు మించిన తావు మాకు కానరాలేదు. ఆ కథకు ఒక కొస అచ్చటనే కలదు. రెండవ కొసయు అచ్చటికి దగ్గరలోనే, నిజామాబాదు జైలులో కలదు.

కామారెడ్డికి దక్షిణముగా హైదరాబాదు దారిలో బిక్కనూరు అను ఊరు కలదు. అచ్చటి సిద్ధరామేశ్వరాలయము ప్రసిద్ధమైనది. దీనినే పూర్వము బిక్కనవోలు అనిరి. ఆ సమీపముననే దోమకొండ. అచ్చటి కోటకు జరిగిన జీర్ణోద్ధరణకు 2022వ సంవత్సరమున యునెస్కోవారి ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. ఈ బిక్కనవోలు పాలకులలో కామినేని మల్లారెడ్డి కవి. 16వ శతాబ్దమున, గోలకొండలో కుతుబ్‌షాహీలు ఏలుచున్న కాలమున, ఆయన షట్చక్రవర్తి చరిత్ర, శివధర్మోత్తరము, పద్మపురాణము అను గ్రంథములు రచించెను. వీనిలో మొదటి గ్రంథము పేరే మన ప్రసంగమునకు ఆధారము.

షట్చక్రవర్తులనగా హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు. ఈ ఆరుగురిని ఒకచోట చేర్చి స్మరించుట మన పెద్దల ఆచారము. ఆచారముగా పేర్లు చెప్పుట సులభము. ఆరుగురి చరిత్రలను ఒక కావ్యముగా వ్రాయబూనిన కవికి మాత్రము ఒక చిక్కు వచ్చిపడును. ఆరుగురును చక్రవర్తులే. ఆరుగురికిని చతురంగబలములు కలవు, కోశములు కలవు, శ్వేతచ్ఛత్రములు కలవు. ఒకని కిరీటమును తీసి ఇంకొకని తలపై పెట్టినను అది సరిపోవును. పురవర్ణనము, రాజ్యపాలన వర్ణనము అందరికిని ఒక్కతీరుననే నడచును. అట్లయిన చదువరికి వీరు ఆరుగురు వేర్వేరు మనుష్యులని తెలియుట ఎట్లు?

ఒక్కొక్కనికి ఒక్కొక్క కోరిక ఉండుటచేతనే తెలియును. హరిశ్చంద్రునికి ఆడిన మాట నిలువవలెను. అందుకై రాజ్యము విడుచును, భార్యను అమ్మును, కుమారుని అమ్మును, తాను కాటికాపరియై నిలుచును. పురూరవునికి ఊర్వశి కావలెను. ఆమె పెట్టిన నియమములు తెలిసియు, ఒక మెరుపు వెలుగులో అవి భంగము కాగా, ఏడుద్వీపములు చేతనున్న రాజు పిచ్చివానివలె అడవులు తిరుగును. సగరునికి యాగము పూర్తి కావలెను. గుఱ్ఱమును వెదకిపోయిన అరువదివేల కుమారులు కపిలుని కోపాగ్నికి బూడిదయైనను, గుఱ్ఱమును తెచ్చుటకు మనుమని పంపును. పురుకుత్సుడు పరులకొరకు పాతాళమునకు దిగినవాడు. గంధర్వులచే పీడింపబడిన నాగులు మొరపెట్టుకొనగా వెళ్ళి వారిని కాచెను. నర్మద అతనికి భార్య అయ్యెను. ఇక కార్తవీర్యునికి సహస్ర బాహువులు కలవు. లేని వస్తువు లేదు. అట్టివానికి ఒక ముని యింటి ఆవు కావలసివచ్చెను. ఆ ఒక్క ఆవు అతని వేయి చేతులను తెగవేయించెను.

ఈ వరుసలో ఒక రహస్యము దాగియున్నది. కోరిక గొప్పదగుటచేత పాత్ర గొప్పది కాలేదు. కార్తవీర్యుని కోరిక పాడియావు పాటిది. అయినను అతనిని మనము మరువలేము. ఏలయన ఆ కోరికకు అతడు చెల్లించిన మూల్యము మన కండ్లయెదుట ఉన్నది. వేయి గోవులు తెప్పించుకొనగలవాడు ఆ ఒక్క గోవునే ఏల కోరెను? అది ఒకరు కాదన్నది గనుక. రాజునకు కాదనిపించుకొనుట అలవాటు లేదు. ఇక్కడ మనకు మనిషి దొరకినాడు. చక్రవర్తి అను బిరుదు క్రింద, మాట పడలేని ఒక మామూలు మనిషి దొరకినాడు.

నలుని కథ మరియు సూక్ష్మమైనది. నలుని పాడుచేసినది కలిపురుషుడని భారతము చెప్పును. తప్పు కలిదే అయినచో నలుడు నిర్దోషి. నిర్దోషియైనవాని కష్టమునకు మనము జాలిపడుదుము గాని అతని లోపలికి ప్రవేశింపము. కథ చెప్పిన పెద్దలకు ఇది తెలియును. అందుచేతనే కలి తలచిన వెంటనే నలుని ఆవేశింపలేకపోయెననిరి. పండ్రెండేండ్లు కాచుకొని యుండి, ఒకనాడు నలుడు కాళ్ళు సరిగా కడుగుకొనకయే ఆచమించిన సందు చూచి లోపల ప్రవేశించెను. బయటి కారణము ఎంత బలమైనదైనను, లోపల ఒక తలుపు కొంచెము తెరచియుండవలెను. పుష్కరుడు జూదమునకు పిలిచినాడు సరే. నలునికి జూదమందు మక్కువ లేకున్నచో పోయియుండునా? నేడు నాటిక వ్రాయుచు, ఊరిలో కరవు వచ్చినది గనుక ఇతడు దొంగయైనాడని తేల్చువారు ఈ తలుపు మాటను గుర్తుంచుకొనవలెను. కరవు ఊరందరికిని వచ్చినది. దొంగ ఒక్కడే అయినాడు.

మల్లారెడ్డి తానొక రాజు. రాజ్యము చేయుచు ఆరుగురు రాజుల కథలను ఎన్నుకొనెను. చేతిలో కొంత అధికారము కలవాడు, సమస్తాధికారము కలవారి కథలను వ్రాసినాడు. ఆ ఆరుగురిలో ఎక్కువమంది తమకున్నదానిని పోగొట్టుకొనినవారే. పాలకుడైన కవికి ఈ కథలు వట్టి పురాణ కాలక్షేపముగా మాత్రమే తోచియుండునని మేము అనుకొనజాలము.

ఆ శతాబ్దమున తెలుగు కవులు కోరికను గూర్చి విశేషముగా ఆలోచించిరి. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణుల ప్రణయమును కావ్యముగా వ్రాసి ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చెను. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగున యయాతి చరిత్రమును వ్రాసి అమీనుఖానునకు అంకితమిచ్చెను. ముసలితనమును ఓర్వలేక కన్నకొడుకు యౌవనమును అడిగి పుచ్చుకొనిన రాజు కథ అది. కందుకూరి రుద్రకవి నిరంకుశోపాఖ్యానములో నాయకుడు దేవాలయమున శివునితోనే జూదమాడి, గెలిచి, రంభను పందెముగా కోరును. మల్లారెడ్డి ఆరుగురు చక్రవర్తులను వీరి ప్రక్కన నిలిపి చూచిన, ఆ కాలపు కవులకు ప్రియమైన ప్రశ్న ఏదో తెలియును. మనిషి తన కోరికకొరకు ఎంతదూరము పోవును అనునదే ఆ ప్రశ్న.

అదే శతాబ్దమున నంద్యాల ఆస్థానమునందు పింగళి సూరన ఇంకొక అడుగు ముందుకు వేసెను. ఆయన కళాపూర్ణోదయము ఏ పురాణమునుండియు ఎత్తినది గాదు. పాత్రలు కల్పితములు. కల్పిత పాత్రకు పురాణము అండగా నిలువదు. హరిశ్చంద్రుడు అనగానే చదువరి సగము కథను తానే తెచ్చుకొనును. కళాభాషిణి అనిన ఎవరికిని ఏమియు తెలియదు. ఆమెను నిలబెట్టవలసినది ఆమె కోరికయే. నలకూబరుని మీది వలపు ఆమెను ఎన్ని మలుపులు త్రిప్పునో ఆ కావ్యము చదివినవారికి తెలియును. తుంబురుని గానము మీది అసూయ నారదుని వంటి మహర్షిని కూడ సంగీత విద్యార్థిగా మార్చివేయును.

ఆ కావ్యములోనే సుగాత్రీ శాలీనుల కథ కలదు. పెండ్లియైన సుగాత్రి నగలన్నియు పెట్టుకొని భర్త యొద్దకు పోవును. శాలీనుడు తలయెత్తి చూడడు. అత్తగారికి కోపము వచ్చి అల్లుని తోటపనిలో పెట్టును. సుగాత్రి నగలు తీసివేసి, భర్తతోపాటు తోటలో శ్రమపడును. అప్పుడు శాలీనునికి ఆమెయందు వలపు కలుగును. ఇట్టి కోరికను ఏ సామాన్య సూత్రమునుండియు ఊహింపజాలము. అలంకారము మోహమును కలిగించునని లోకము అనుకొనును. ఈ ఒక్కనికి అది అడ్డుగా నిలిచినది. ఊహింపరానిదై, విన్న తరువాత నిజమే సుమా అనిపించు కోరిక పాత్రకు ప్రాణము పోయును.

అయినను ఇంతవరకు మనము చెప్పుకొనినవారు చక్రవర్తులు, గంధర్వులు, మునులు, విప్రులు. కోట గుమ్మమున నిలుచుండు ద్వారపాలకునికి కోరిక లేదా? పల్లకి మోయు బోయీకి లేదా? కావ్యములలో వీరు రాజాజ్ఞను నెరవేర్చుటకే ఉందురు. ప్రభువు పిలిచిన వత్తురు, పొమ్మనిన పోవుదురు.

ఇందుకు మన సాహిత్యమున ఒక చక్కని మినహాయింపు కలదు. అతడే నక్షత్రకుడు. విశ్వామిత్రుని శిష్యుడు. హరిశ్చంద్రుని వెంటబడి అప్పు వసూలు చేయుటకు పంపబడినవాడు. అతని కోరిక ఎంత చిన్నది! గురువుగారి సొమ్ము వసూలు కావలెను, తన పని ముగియవలెను, అంతే. అందుకై నడువలేనందురు, ఆకలియందురు, ఎత్తుకొమ్మందురు. అడుగడుగునకు రాజును వేధింతురు. రాజునకు సత్యము ముఖ్యము. నక్షత్రకునికి తన కాలినొప్పి ముఖ్యము. ఈ రెండు కోరికలు ఒకే అడవిదారిలో ప్రక్కప్రక్కన నడచుటచేతనే ఆ కథ రక్తికట్టును. తెలంగాణ పల్లెలలో యక్షగాన మేళములు, చిందు భాగవతులు పురాణకథలాడిన రాత్రులలో జనము రాజునకు కంట నీరు పెట్టినను, నవ్వి గుర్తుంచుకొనినది ఇట్టి చిన్నపాత్రలనే. నేటికిని అప్పులవాడు వదలక వెంబడించిన, నక్షత్రకునివలె పట్టుకొన్నాడందుము. చక్రవర్తి పేరు పూజలో మిగిలినది. నక్షత్రకుని పేరు మన నోటి మాటయై మిగిలినది. చిన్న మనిషికి చిన్న కోరికనైనను నిజముగా ఇచ్చినచో అతడు చక్రవర్తి ప్రక్కన సమానముగా నిలుచునని ఇది నిరూపించుచున్నది.

ఈ పాఠమును ఆధునిక రచయితలు శ్రద్ధగా చదివిరి. 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంచి వ్రాయబడిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునందు ఇంచుమించు ప్రతివానికిని రెండు కోరికలుండును. ఒకటి పైకి చెప్పునది. ఇంకొకటి లోపల దాచునది. గిరీశము సంఘసంస్కారమును గూర్చి ఉపన్యసించును. అతనికి కావలసినది పూటకు భోజనము, తలదాచుకొనుటకు చోటు, చుట్టకు నిప్పు, వీలైన ఒక చక్కని పెండ్లి. మధురవాణి డబ్బును గూర్చి మాటలాడును. ఆమెకు కావలసినది గౌరవము. ఒక పసిపిల్లను ముసలివానికి కట్టబెట్టు అన్యాయమును ఆపుటకు ఆమె తన తెలివినంతయు వినియోగించును. లోకము నీచముగా చూచిన వృత్తిలోని స్త్రీకి రచయిత అందరికంటె ఉన్నతమైన కోరికను ఇచ్చెను. మాటకును కోరికకును నడుమనున్న దూరమును శ్రోత వినగలిగిన క్షణమున గొంతు మనిషియగును. రేడియోకు ఇంతకు మించిన పాఠము లేదు.

భండారు అచ్చమాంబగారు 1902లో ధనత్రయోదశి అను కథను ప్రకటించిరి. పండుగనాడు ఇంట ఏమియు లేదు. భార్యాబిడ్డల లేమిని చూడలేక భర్త యజమాని సొమ్ము తెచ్చును. భార్య ఆ సొమ్మును ముట్టక తిరిగి ఇచ్చివేయుమని అతనిని ఒప్పించును. భర్త చేసినది దొంగతనము. కాని అతని కోరిక ప్రేమ. భార్య కోరినది ధర్మము. కాని ఆమెకును పండుగ వద్దని లేదు. ఇద్దరును మంచివారు, ఇద్దరి కోరికలును మంచివి. అయినను ఆ రెండును ఒక యింట ఇమడలేదు. దుష్టుడు ఒక్కడును లేకుండ కథ నడువవచ్చునని అచ్చమాంబగారు అప్పుడే చూపిరి.

ఇక మరల మన ప్రాంతమునకు వత్తము. బిక్కనవోలులో మల్లారెడ్డి చక్రవర్తుల కథలు వ్రాసిన సుమారు మూడున్నర శతాబ్దములకు ఆ నేలపైననే ఇంకొక అధ్యాయము ఆరంభమైనది. 1937లో ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశము మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన నిజామాబాదులో జరిగినది. ఊరూర గ్రంథాలయము, తెలుగు చదువు, వెట్టిచాకిరి రద్దు అను మాటలు పల్లెలకు ప్రాకుచున్న రోజులవి. వెట్టియనగా ఏమో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. కూలి లేకుండ, కాదనుటకు వీలు లేకుండ, దొర గడిలోను, అధికారి విడిదిలోను తరతరములుగా చేయవలసివచ్చిన చాకిరి అది. వెట్టివానిని నీకేమి కావలెనని అడిగినవారు లేరు. పనిచేయు రెండు చేతులుగా మాత్రమే అతడు లెక్కకు వచ్చెను.

1948లో నిజామాబాదు జైలులో ఇద్దరు రచయితలు బందీలుగా ఉండిరి. ఒకరు దాశరథి కృష్ణమాచార్యులవారు. కాగితము కలము లేకపోగా ఆయన జైలుగోడల మీద బొగ్గుతో పద్యములు వ్రాసిరి. రెండవవారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. మరుసటియేట వెలువడిన తన అగ్నిధారను దాశరథి ఈ మిత్రునికే అంకితమిచ్చిరి.

ఆళ్వారుస్వామిగారు 1915లో నల్లగొండ ప్రాంతమున పుట్టిరి. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, ఉపాధ్యాయుని యింట వంటచేసిపెట్టుచు చదువుకొనిరి. హోటలులో సర్వరుగా నిలిచిరి. పత్రికలో ప్రూఫులు దిద్దిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసికొని ఇంటింటికి తిరిగి అమ్మిరి. ఇతరుల యింట వడ్డించినవానికి ఒక విద్య అబ్బును. కూర్చుండి తినువారు తమ కోరికలను బిగ్గరగా చెప్పుకొందురు. నిలుచుండి వడ్డించువాడు వినును. అతని కోరికను మాత్రము ఎవరును వినరు. ఇరువైపుల కోరికలను ఎరిగినవాడు వడ్డించినవాడొక్కడే.

ఆయన జైలు లోపల అను పేర కథల సంపుటమును ప్రకటించిరి. జైలు రిజిస్టరులో ఖైదీ పేరుండును, నేరముండును, శిక్ష ఎన్నియేండ్లో ఉండును. ఏల చేసెనను గడి ఉండదు. ఆళ్వారుస్వామిగారు ఆ లేని గడిని పూరించుటకు కథలు వ్రాసిరి. అందులో ఒక కథ పేరు విధిలేక. ఇంకొక కథ పేరు పరిసరాలు. ఆ పేర్లే ఆయన ఖైదీలను ఏ ప్రశ్న అడిగెనో చెప్పుచున్నవి. స్టేషను పలక మీది పేరు వంటిదే రిజిస్టరులోని పేరును. రెండింటి వెనుకను ఒక మనిషి కలడు.

1950 దశకమున వెలువడిన ఆయన ప్రజల మనిషి నవల తెలంగాణ జీవితమును చిత్రించిన తొలి నవలలలో ముఖ్యమైనది. దిమ్మెగూడెమను పల్లె, దానిని గుప్పిట పెట్టుకొనిన దొర రామభూపాలరావు, అతనికి ఎదురు నిలిచిన కంఠీరవము, వీరి చుట్టును రైతులు, వెట్టివారు, ఊరిబయటి వాడలవారు అందు కలరు. దొర చేతిలో ఊరంతయు ఉన్నది. అయినను ఒక పేదరైతు భూమి మీదను, ఊరివారి విధేయత మీదను అతని కన్ను పోవుచుండును. కార్తవీర్యుడు ముని ఆవును కోరిన తీరే ఇదియు. పురాణములోని చక్రవర్తిని తెలంగాణ గడిలో కూర్చుండబెట్టినట్లున్నది.

కాని నవలకారుడు అంతటితో ఆగలేదు. చేతులు కట్టుకొని గడి ముంగిట నిలుచున్నవానిని కూడ ప్రశ్నించెను. ఇన్నాళ్ళు ఏల ఊరకున్నావు? ఇవాళ ఏల ఎదురు చెప్పితివి? భయము ఒక కారణము. పిల్లలు ఒక కారణము. ఉన్న రెండెకరములు పోవునేమోనను దిగులు ఒక కారణము. తోటివాడు ముందు నిలిచెనను ధైర్యము ఇంకొక కారణము. షట్చక్రవర్తి చరిత్ర నాటినుండి చూచినచో, తెలుగు కథ నడచిన దారి ఇదియే. కోరిక కలిగియుండు అధికారమును చక్రవర్తి నుండి ఒక్కొక్క మెట్టుగా క్రిందికి తెచ్చి, చిట్టచివరకు వెట్టివాని చేతిలో పెట్టిన చరిత్ర ఇది. ఎవనికి కోరిక కలదని మనము ఒప్పుకొందుమో వానిని మనిషిగా ఒప్పుకొన్నట్లే. కోరిక లేని పాత్రను వ్రాయుట కేవలము రచనాదోషము గాదు. అది ఆ పాత్ర వంటి నిజమైన మనుష్యులను లెక్కింపకపోవుట.

2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. ఎల్లారెడ్డి అందొక రెవెన్యూ డివిజను. అచ్చట బీడీలు చుట్టి బ్రతుకు స్త్రీలు కలరు. బిడ్డల చదువునకో, చెల్లెలి పెండ్లికో, బోరు అప్పునకో గల్ఫు దేశములకు పోయిన పురుషులు కలరు. చెరకు గానుగల యొద్ద కూలికి పోవువారు కలరు. వీరిని గూర్చి కథ వ్రాయబూనినవారు తరచుగా వీరి బాధను వ్రాయుదురు. బాధ వ్రాయుట మంచిదే. కాని బాధ అందరిదియు ఒక్కపోలికగా ఉండును. కోరిక ఎవరిది వారిది. బీడీలు చుట్టు స్త్రీకి వేలినొప్పి ఉన్నమాట నిజము. ఆ చుట్టిన డబ్బులో ఎవరికిని తెలియకుండ రోజునకు ఐదు రూపాయలు దేనికి దాచుచున్నదో కనుగొన్ననాడు ఆమె మన కథలోనికి వచ్చును. గల్ఫునకు పోయినవాడు ఇంటికి ఫోను చేసినపుడు చెప్పని మాట ఏదో తెలిసిననాడు అతడు వచ్చును. ఆమె దాచిన డబ్బును అడుగు భర్తకును, అతనికి అప్పిచ్చిన షావుకారికిని వారి వారి కోరికలు ఉండవలెను. అప్పుడు షావుకారు కేవలము షావుకారై మిగులడు.

శ్రోతలలో కథలు, నాటికలు వ్రాయు యువకులు, గృహిణులు అనేకులుందురని మేము ఎరుగుదుము. వారికి మా మనవి ఒక్కటి. పాత్రకు పేరు పెట్టకముందు, వేషము వేయకముందు, నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఇతనికి ఏమి కావలెను? దానికొరకు ఏమి పోగొట్టుకొనుటకు సిద్ధము? ఏది మాత్రము పోగొట్టుకొనజాలడు? ఇతని కెదురు నిలిచినవానికి ఏమి కావలెను? ఈ నాలుగింటికిని సమాధానము దొరకినచో పాత్ర తానే మాటలాడును. మీరు వ్రాసికొనుచు పోవచ్చును.

ఈసారి నిజామాబాదు వైపు రైలులో పోవునపుడు కామారెడ్డి స్టేషనులో బండి ఆగిన పలకను చూడుడు. ఆ పేరుగల రాజు ఏమి కోరెనో మనకు అందలేదు. ఆ పలక క్రింద పల్లీలమ్మునామె, మూటతో నిలుచున్న ముసలివాడు, గల్ఫు నుండి వచ్చు కొడుకునకై ఎదురుచూచు తల్లి మాత్రము నేడు ఉన్నారు. అడిగినచో చెప్పుదురు.